బాత్రూమ్‌లో పట్టుకునే రాడ్డు ఊడిరాకుండా బిగించడం ఎలా?

శానిటరీ షాపులో గ్రాబ్ బార్ కొంటే దాంతోపాటు ఒక చిన్న ప్లాస్టిక్ కవర్లో స్క్రూలు, ప్లగ్గులు ఇస్తారు. ఆ కవర్ని ముందు పక్కన పెట్టేయండి. మా ఇంట్లో జరిగిన పొరపాటు ఆ కవర్తోనే మొదలైంది.

నాన్నకి మోకాలి ఆపరేషన్ అయి ఇంటికి వస్తున్నారంటే హడావుడిగా ఒక మనిషిని పిలిపించి కమోడ్ పక్కన రాడ్డు వేయించాను. అరగంటలో పని అయిపోయింది. ఊపి చూస్తే కదల్లేదు. మూడో నెలలో ఒకరోజు నాన్న లేవబోతూ గట్టిగా లాగితే, గోడకి ఆనుకునే గుండ్రటి పళ్లెం టైలు పెచ్చుతో సహా ఊడి వచ్చేసింది. ఆయన వెనక్కి కమోడ్ మీదే కూలబడ్డారు కాబట్టి సరిపోయింది. ఊడిన స్క్రూని టేపుతో కొలిస్తే ఒకటిన్నర అంగుళం ఉంది. ఆ గోడకి టైలు, దాని వెనక సిమెంటు, దాని వెనక ప్లాస్టరింగ్ అన్నీ కలిపి కూడా ఒకటిన్నర అంగుళమే. అంటే మూడు నెలలపాటు మా నాన్న బరువుని మోసింది సిమెంటు పూత. స్క్రూ ఇటుకని ముట్టనే లేదు.

రెండోసారి నేనే దగ్గరుండి చేయించాను, సగం పని నేనే చేశాను. తర్వాత హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌లోనూ, తెనాలిలో మా పిన్ని వాళ్ల పాత ఇంట్లోనూ చేశాను. మూడు ఇళ్లలో మూడు రకాల గోడలు. మీరు సొంతంగా చేసుకున్నా, ప్లంబర్ని పెట్టి చేయించుకున్నా ఈ కింది వరస తప్పకుండా చూసుకోండి.

మొదట మనిషిని కూర్చోబెట్టి కొలవండి

రాడ్డు ఎవరి కోసమో వాళ్లని బాత్రూమ్‌లోకి తీసుకెళ్లండి. పొడి నేల మీద, బట్టలు వేసుకునే, కమోడ్ మూత వేసి దాని మీద కూర్చోమనండి. "ఇప్పుడు లేవండి" అని, వాళ్ల చెయ్యి సహజంగా గోడ మీద ఎక్కడ ఆనుతుందో చూసి అక్కడ పెన్సిల్ గీత పెట్టండి. మూడు నాలుగుసార్లు లేపండి. విసుక్కుంటారు, అయినా లేపండి. గీతలన్నీ ఒక బెత్తెడు జాగాలో పడతాయి. మీ కొలత అదే.

పుస్తకాల లెక్కలు కూడా ఉన్నాయి. అమెరికాలో వికలాంగుల సౌకర్యాల కోసం పెట్టిన ఏడీఏ ప్రమాణాల్లో అడ్డంగా పెట్టే రాడ్డు నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో ఉండాలి. అది బహిరంగ భవనాల కోసం రాసిన కొలత. అయిదడుగులు కూడా లేని మా పిన్నికి 36 అంగుళాలంటే కూర్చున్నప్పుడు భుజం దాటి పైకి పోతుంది. అంత ఎత్తున చెయ్యి పెట్టి ఎవరూ బలంగా లేవలేరు. కమోడ్ పక్కన అడ్డంగా పెట్టేటట్టయితే సీటు మీద నుంచి ఎనిమిది, తొమ్మిది అంగుళాల పైన పెడితే మన ఇళ్లలో పెద్దవాళ్లకి బాగా అందుతుంది. మోచెయ్యి కొంచెం వంగి ఉండి, కిందికి నొక్కి లేవగలిగేలా ఉండాలి.

అడ్డంగా పెట్టాలా, నిలువుగా పెట్టాలా అని అడుగుతారు. నొక్కి లేచేవాళ్లకి అడ్డం, పట్టుకుని లాక్కుని లేచేవాళ్లకి నిలువు. రెండూ కావాలంటే ఎల్ ఆకారంలో దొరుకుతుంది. పక్షవాతం వచ్చినవాళ్లయితే పనిచేసే చెయ్యి వైపే పెట్టాలి. ఇది అందరికీ తెలిసిందే అనిపిస్తుంది కానీ, గోడ ఖాళీగా ఉంది కదా అని రెండో వైపు పెట్టేసిన ఇళ్లు చూశాను. ఫిజియోథెరపిస్టు ఇంటికి వస్తున్నట్టయితే గీత పెట్టే రోజున ఆయన్ని ఒకసారి అడగండి.

మనవాళ్లలో చాలామంది షవర్ కింద నిలబడరు. బకెట్టు, మగ్గు, ప్లాస్టిక్ స్టూలు, లేదా చెక్క పీట. కాబట్టి యూట్యూబ్‌లో చూపించే షవర్ రాడ్డు కొలతలు మనకి కుదరవు. స్టూలు మీద నుంచి లేచేటప్పుడు చెయ్యి ఎక్కడికి వెళ్తుందో అక్కడ ఒక నిలువు రాడ్డు కావాలి. పీట మీద కూర్చునేవాళ్లని ముందు ఎత్తయిన స్టూలుకి మార్చండి, అంత కింద నుంచి లేవడానికి ఏ రాడ్డూ పెద్దగా సాయం చెయ్యదు. ఇండియన్ లావెటరీ ఉన్న ఇంట్లో ఎదురు గోడ దగ్గరగా ఉంటే దానికి ఒక నిలువు రాడ్డు, పక్క గోడకి కిందగా ఒక అడ్డ రాడ్డు పెట్టుకోవచ్చు. తెనాలిలో అలాగే చేశాం.

గడప దగ్గర కూడా ఒకటి. గదికీ బాత్రూమ్‌కీ మధ్య నేల ఎత్తులో తేడా ఉన్న ఇళ్లలో తడి కాలితో పైకి అడుగేసేది అక్కడే. తలుపు పక్కన అడుగున్నర పొడవున్న నిలువు రాడ్డు చాలు.

గోడలో ఏముందో తెలుసుకోండి

ఇల్లు కట్టించింది మీరే అయితే గుర్తుంటుంది. కొనుక్కున్న ఫ్లాటయితే బిల్డర్నో, అసోసియేషన్ వాళ్లనో అడగండి. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి ఎర్ర ఇటుక, సిమెంటు ఇటుక, తేలికపాటి ఏఏసీ బ్లాకులు, ఈ మధ్య కట్టే పెద్ద టవర్లలో మైవాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చుల్లో, పోసిన కాంక్రీటు గోడ. పాత ఇళ్లలో బయటి గోడ తొమ్మిది అంగుళాలు, లోపలి అడ్డగోడ నాలుగున్నర. వీలుంటే తొమ్మిది అంగుళాల గోడనే ఎంచుకోండి.

ఎవరికీ తెలియకపోతే డ్రిల్లు చెబుతుంది. బయటికొచ్చే పొడి రంగు చూస్తూ ఉండండి. ముందు సాధారణంగా తెల్లగా వస్తుంది, అది టైలు. తర్వాత బూడిద రంగు, అది సిమెంటు. ఆ తర్వాత ఎర్రటి పొడి మొదలైతే ఎర్ర ఇటుకలోకి దిగినట్టు. ఎర్ర పొడి ఎంత లోతులో మొదలైందో డ్రిల్లు ఆపి కొలుచుకోండి, స్క్రూ పొడవు లెక్కకి అదే ఆధారం. బూడిద రంగే కొనసాగుతూ బిట్టు నిలకడగా దిగుతుంటే సిమెంటు ఇటుక. వెన్నముద్దలో వేలు పెట్టినట్టు దిగిపోతూ తెల్లటి మెత్తని పొడి వస్తే ఏఏసీ. బిట్టు వేడెక్కి అరుస్తూ ముందుకు కదలకపోతే కాంక్రీటు. ఉన్నట్టుండి లోపలికి జారిపోతే ఇటుకల మధ్య సందులోనో, బోలు బ్లాకు ఖాళీలోనో పడ్డారన్నమాట. ఆ బెజ్జం పనికిరాదు. అందుకే ముందు గీతలన్నీ పెట్టుకున్నాక, పళ్లెం కప్పేసే చోట ఒక్క సన్నటి బెజ్జం మాత్రం వేసి చూడండి.

టైలు మీద వేలి కణుపుతో కొట్టి కూడా చూడాలి. కొన్ని చోట్ల డొల్ల శబ్దం వస్తుంది. వెనక సిమెంటు సరిగ్గా పట్టని టైలు అది. పళ్లెం బిగిస్తుంటే పటుక్కుమంటుంది. రెండు మూడు అంగుళాలు జరిగితే గట్టి చోటు దొరకచ్చు.

పైపులు, కరెంటు

రాడ్డు ఎక్కడ బాగుంటుందనిపిస్తుందో సరిగ్గా అక్కడే గోడలో పైపులు ఉంటాయి. కుళాయి, డైవర్టర్ (నీళ్లని షవర్‌కో కుళాయికో మళ్లించేది), హెల్త్ ఫాసెట్, గీజరు పాయింట్లు అన్నీ మనిషి కూర్చునే చోటే కదా. గోడ లోపల పైపులు సాధారణంగా కుళాయి నుంచి నిట్టనిలువుగా పైకో కిందికో వెళ్తాయి, లేదా రెండు కుళాయిలని కలుపుతూ అడ్డంగా వెళ్తాయి. అందుకని ప్రతి కుళాయికీ పైనా కిందా, ఇరుపక్కలా అరడుగు వదిలేయడం నా లెక్క. గీజరు నుంచి డైవర్టర్ దాకా మధ్య పట్టీ మొత్తం వదిలేయాలి. గీజరు స్విచ్ నుంచి కరెంటు పైపు ఎటు దిగిందో కూడా చూసుకోండి.

ఇల్లు కట్టేటప్పుడు టైల్స్ వేయకముందు తీసిన ఫొటోలు ఎవరి ఫోన్లోనైనా ఉన్నాయేమో అడగండి. మా ఫ్లాట్‌లో పై అంతస్తు వాళ్ల దగ్గర దొరికాయి, ప్లాన్ ఒకటే కాబట్టి చాలావరకు పనికొచ్చాయి. ఇంకో చిట్కా ఉంది. గీజరు నీళ్లు అయిదు నిమిషాలు వదిలి టైల్స్ మీద అరచేయి ఆనించి చూస్తే, పైపు పైపైనే ఉన్న చోట వెచ్చదనం తెలుస్తుంది. చన్నీళ్ల పైపుకి ఇది పనికిరాదు. గోడలో తీగలు కనిపెట్టే చిన్న డిటెక్టర్లు దొరుకుతాయి కానీ, లోహాన్నీ కరెంటునీ మాత్రమే గుర్తించే రకం సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపుని చూపించదు. అది చూసి ధైర్యపడకండి.

డ్రిల్లు పెట్టే ముందు బాత్రూమ్‌కి నీళ్లొచ్చే వాల్వ్ ఎక్కడుందో చూసి, తిప్పి, పనిచేస్తోందని తేల్చుకోండి. పైపుకి బెజ్జం పడ్డాక వాల్వ్ వెతుక్కోవడం ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు. గీజరు ఎంసీబీ ఆపేయండి. డ్రిల్లుకి కరెంటు బాత్రూమ్ బయటి సాకెట్ నుంచి తీసుకోండి. నేల పూర్తిగా ఆరి ఉండాలి, కాళ్లకి రబ్బరు చెప్పులు, కళ్లకి అద్దాలు.

ఏం కొనాలి

రాడ్డు మందం ఒకటింపావు నుంచి ఒకటిన్నర అంగుళం ఉంటే ముసలి చేతికి నిండుగా పట్టు దొరుకుతుంది. తువ్వాలు వేసుకునే రాడ్డు ఇందుకు పనికిరాదు, చూడ్డానికి ఒకేలా ఉన్నా సరే. గోడకీ రాడ్డుకీ మధ్య ఒకటిన్నర అంగుళం ఖాళీ ఉండాలి. అంతకన్నా బాగా ఎక్కువుంటే చెయ్యి జారినప్పుడు మోచెయ్యి దాకా లోపలికి పోయి ఇరుక్కుంటుంది. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి. షాపువాళ్లు అయస్కాంతం పెట్టి "అంటుకోలేదు చూడండి, 304" అంటారు. చవకరకం 202 కూడా మామూలుగా అయస్కాంతానికి అంటుకోదు, కాబట్టి ఆ పరీక్షకి విలువ లేదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. ఎంత బరువు తట్టుకుంటుందో ప్యాకెట్ మీద చూడండి. ఏడీఏ ప్రమాణం 250 పౌండ్లు, అంటే సుమారు 113 కిలోలు. పళ్లేనికి మూడు స్క్రూలు ఉన్నదే తీసుకోండి.

గాలి పీల్చుకుని టైలుకి అతుక్కునే సక్షన్ హ్యాండిళ్లు ఆన్‌లైన్లో చాలా చవకగా దొరుకుతాయి. అద్దె ఇంట్లో గోడకి బెజ్జం వేయనివ్వరని చాలామంది వాటినే కొంటారు. అవి ఎప్పుడు వదిలేస్తాయో ఎవరూ చెప్పలేరు. ఓనర్ని బతిమాలండి, ఖాళీ చేసేటప్పుడు పూడ్చి ఇస్తామనండి, అవసరమైతే ఆ టైలు ఖర్చు అడ్వాన్సులో పట్టుకోమనండి. అదీ కుదరకపోతే కమోడ్ చుట్టూ నేల మీద నిలబడే స్టీలు ఫ్రేము కొనుక్కోవడం మేలు.

ఇక అసలు సంగతి, స్క్రూలు. మీరు కొలిచిన టైలు, సిమెంటు, ప్లాస్టరింగ్ మందానికి ఇంకో 50 మిల్లీమీటర్లు కలపండి. పూత 35 మి.మీ. ఉంటే స్క్రూ కనీసం 85 మి.మీ. కావాలి, పళ్లెం మందం దానికి అదనం. స్టెయిన్‌లెస్ స్క్రూలే కొనండి, ఇనుపవి ఆ తడికి ఏడాదిలో తుప్పు కారతాయి. పళ్లెం బెజ్జంలో పట్టినంత లావువి తీసుకోండి. 5, 6 మి.మీ. స్క్రూకి 8 మి.మీ. నైలాన్ ప్లగ్గు, అంతకన్నా లావైతే 10 మి.మీ. ప్లగ్గు. రావల్ ప్లగ్గనీ, గిట్టీ అనీ షాపుని బట్టి పేరు మారుతుంది. గట్టి నైలాన్‌వి అడగండి. గోటితో నొక్కితే సొట్టపడే మెత్తటి ప్లాస్టిక్ వద్దు.

డ్రిల్లింగ్

పళ్లెం గోడకి ఆనించి, రసమట్టం పెట్టి సరిచూసి, బెజ్జాల గుర్తులు పెట్టండి. గుర్తు మీద మాస్కింగ్ టేపు అంటిస్తే బిట్టు జారదు. మామూలు సిరామిక్ టైలుకి బల్లెం మొనలాంటి టైలు బిట్టు చాలు. విట్రిఫైడ్ టైలయితే డైమండ్ బిట్టు కావాలి. దానికి నీళ్లు చిలకరిస్తూ ఉండాలి, అయితే స్పాంజితో కొద్దికొద్దిగా, మిషన్ మీద పడకుండా.

డ్రిల్లు సుత్తిలా కొట్టేలా చేసే హ్యామర్ మీట ఆపేసి, తక్కువ వేగంతో మొదలుపెట్టండి. టైలు పూర్తిగా దాటేదాకా హ్యామర్ వేయకూడదు. ప్లంబర్లు తొందరలో ఉంటారు, మొదటి క్షణం నుంచే హ్యామర్ వేస్తారు, టైలు వెంట్రుకలా చిట్లుతుంది, పళ్లెం కప్పేస్తుంది కాబట్టి మీకు కనపడదు. దగ్గర నిలబడి చెప్పండి. టైలు దాటాక మేసన్రీ బిట్టు మార్చి, దాని మీద కావాల్సిన లోతు దగ్గర టేపు చుట్టి, అప్పుడు హ్యామర్‌తో ఇటుకలోకి దిగండి. ప్లగ్గు చివర కన్నా ఒక సెంటీమీటరు లోతు ఎక్కువ ఉండాలి. నాలుగున్నర అంగుళాల గోడ అయితే టేపు గుర్తు దాటొద్దు, అవతలి గదిలో ప్లాస్టరింగ్ ఎగిరిపోతుంది.

బెజ్జంలో పొడి మొత్తం ఊదెయ్యండి. సైకిల్ పంపు బాగా పనిచేస్తుంది. నోటితో ఊదితే కళ్లలో పడుతుంది. పొడి ఉన్న బెజ్జంలో ప్లగ్గు తిరుగుతుందే తప్ప బిగుసుకోదు.

మా మొదటి పనివాడు చేసిన రెండో తప్పు ఇక్కడే. ప్లగ్గుని టైలు అంచుకి సమానంగా వదిలేశాడు. స్క్రూ తిప్పగానే ప్లగ్గు ఉబ్బేది టైలు మందంలో, సిమెంటులో. టైలు చిట్లింది అందుకే. ప్లగ్గుని పాత స్క్రూతోనో మేకుతోనో తట్టి టైలునీ పూతనీ దాటించి, పూర్తిగా ఇటుకలో కూర్చోబెట్టాలి. తర్వాత బెజ్జం నోట్లో కొంచెం సిలికాన్ పెట్టి, పళ్లెం ఆనించి, స్క్రూలన్నీ ముందు వదులుగా, తర్వాత ఒక్కొక్కటిగా మార్చి మార్చి చేత్తో స్క్రూడ్రైవర్‌తో బిగించండి. మిషన్‌తో బిగిస్తే ఎక్కడ ఆపాలో చేతికి తెలియదు. చివరి రెండు చుట్లు బరువుగా తిరగాలి. ఎంత తిప్పినా తేలిగ్గా తిరుగుతూనే ఉంటే ఆ బెజ్జం పట్టలేదు. అగ్గిపుల్లలు, చీపురుపుల్లలు దూర్చి బిగించేస్తామంటారు, ఒప్పుకోవద్దు. ఆ బెజ్జానికి కెమికల్ యాంకర్ (బెజ్జంలో నింపితే గట్టిపడే ముద్ద) వెయ్యాలి, లేదా రాడ్డు జరపాలి.

ఇటుక కాని గోడలు

ఏఏసీ బ్లాకుకి మామూలు ప్లగ్గు నమ్మకం కాదు, మెత్తటి బ్లాకు నలిగిపోతుంది. అవతలి వైపు మన గదే అయితే అన్నిటికన్నా గట్టి పద్ధతి ఆరపార బోల్టు. గోడ ఈ వైపు నుంచి ఆ వైపుకి 8 మి.మీ. స్టెయిన్‌లెస్ మరరాడ్డు (ఒంటి నిండా మరలున్న కడ్డీ) దూర్చి, అవతల ఒక స్టీలు పలక పెట్టి నట్టు బిగించడం. బెడ్‌రూమ్ గోడ మీద పలక కనిపిస్తుంది. మా ఇంట్లో దాని మీద క్యాలెండర్ వేలాడుతోంది.

అవతల పక్క ఫ్లాటో, బయటి గోడో అయితే కెమికల్ యాంకర్. ఏఏసీకి పనికొస్తుందని ట్యూబు మీద రాసి ఉన్నదే కొనాలి. బెజ్జాన్ని ఊది, బ్రష్షుతో రుద్ది, మళ్లీ ఊదాలి. ట్యూబులోంచి మొదట వచ్చే ముద్ద రంగు సమంగా కలిసేదాకా పారెయ్యాలి. తర్వాత బెజ్జం అడుగు నుంచి మూడింట రెండు వంతులు నింపి, మరరాడ్డుని తిప్పుతూ దూర్చి వదిలెయ్యాలి. బోలు బ్లాకయితే ముందు జల్లెడ గొట్టం దూర్చి అందులో నింపాలి, లేకపోతే ముద్దంతా ఖాళీలోకి పోతుంది. ఎంతసేపు ఆరాలో ట్యూబు మీదే రాసి ఉంటుంది, అప్పటిదాకా వేలు కూడా పెట్టొద్దు.

మైవాన్ కాంక్రీటు గోడ దొరికితే అదృష్టమే, పట్టు దానికి మించింది లేదు. మామూలు ఇంటి డ్రిల్లు సరిపోదు, రోటరీ హ్యామర్ అద్దెకి తెచ్చుకోవాలి. లోపల ఇనుప చువ్వ తగిలితే కొయ్యొద్దు. ఆ గోడే బిల్డింగ్ బరువు మోస్తోంది. బెజ్జం ఒక అంగుళం పక్కకి జరపండి.

అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నలు వచ్చేముందు ఫోన్ చేసి ఇదే అడుగుతుంటారు. అక్కడి ఇళ్లలో మామూలుగా గోడంటే పలచటి డ్రైవాల్, దాని వెనక కొయ్య స్టడ్లు, అంటే నిలువు కొయ్యలు, సాధారణంగా 16 అంగుళాలకి ఒకటి. స్క్రూ ఆ స్టడ్ కొయ్యలోకే దిగాలి. స్టడ్ దొరకని వైపు అట్టముక్కలాంటి డ్రైవాల్‌కి బిగించి సరిపెట్టొద్దు. నిలువు రాడ్డయితే ఒకే స్టడ్ మీద రెండు చివరలూ పడతాయి. అడ్డంగా కావాలంటే స్టడ్ల మధ్య దూరానికి సరిపడే పొడవు, అంటే 16 లేదా 32 అంగుళాలది, వెతుక్కోవాలి.

బరువు వేసి చూడటం

పళ్లెం చుట్టూ సిలికాన్ పట్టించి, ఒక రోజు ఆరనివ్వండి. రెండో రోజు పెద్దవాళ్లకంటే ముందు ఇంట్లో అందరికన్నా బరువైన మనిషి పరీక్షించాలి. కాళ్లు నేల మీదే గట్టిగా ఉంచి, ముందు మెల్లగా, తర్వాత పూర్తి బరువుతో లాగండి. కిందికి నొక్కండి, పక్కకి లాగండి, గోడ నుంచి బయటికి లాగండి. కుదుపులు వద్దు. ఇంకొకరు పళ్లెం అంచు మీద వేలు పెట్టి చూడాలి. వెంట్రుకవాసి కదిలినా వేలికి తెలుస్తుంది. కదిలితే విప్పి మళ్లీ చెయ్యాల్సిందే, ఇంకో చుట్టు బిగించి ఊరుకోకండి.

ఆ పక్కనే తువ్వాలుకి వేరే కొక్కెం ఒకటి కొట్టించండి. లేకపోతే వారంలోపే రాడ్డు నిండా తడిబట్టలు వేలాడతాయి, కావాల్సినప్పుడు చేతికి రాడ్డు బదులు జారే తువ్వాలు దొరుకుతుంది. నేను మొదటి నెలలో నాన్నతో రోజూ గొడవపడింది దీని గురించే.

తర్వాత నెలకోసారి గ్యాస్ బండ మార్చినప్పుడో, కరెంటు బిల్లు కట్టినప్పుడో గుర్తు పెట్టుకుని రాడ్డుని లాగి చూడండి. పళ్లెం కింద ఎర్రటి చార కనిపిస్తే స్క్రూ తుప్పు పడుతోందని, సిలికాన్ అంచు నల్లబడి లేస్తే నీళ్లు వెనక్కి పోతున్నాయని అర్థం. మొదటిదానికి స్క్రూ మార్చాలి, రెండోదానికి పాత సిలికాన్ బ్లేడుతో గీకేసి, ఒక పూట ఆరనిచ్చి, కొత్తది పట్టించాలి.